పదిహేను నిమిషాల మనిషి

నాగేశం ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి. గ్లాసెడు నీళ్లు తాగాలి. ఆరున్నరకు ఎర్రదీపాల పెట్టెలో కూర్చుని, పావు తక్కువ ఏడుకు బయటికి రావాలి. చెమట ఆరాక స్నానం, ఆ తర్వాత ఉప్మా. ఇందులో ఎవరికీ నష్టం లేదు, ఎవరి పరువూ పోయేది లేదు. అయినా వారం తిరిగేసరికి సిద్దిపేటలోని ఆ వీధి వీధంతా ఆయన మీద కత్తి కట్టింది.

ముందు పెట్టె సంగతి చెప్పాలి. నాగేశానికి యాభై తొమ్మిదేళ్లు. ముప్ఫై ఏళ్లు బజారులో స్టీలు గిన్నెల దుకాణం నడిపి, బిందెలూ గంగాళాలూ ఎత్తి దించి నడుము పాడుచేసుకున్నాడు. పిల్లల్లేరు. రెండేళ్ల కిందట భార్య సులోచన పోయాక దుకాణం కిరాయికిచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. నడుం నొప్పి ముదిరితే ఆ ఏడు, అంటే తొంభై మూడు నవంబరులో, హైదరాబాదులోని ఒక ప్రకృతి వైద్యశాలలో చేరి పది రోజులున్నాడు. అక్కడ రోజూ ఆయన్ని ఒక చెక్కపెట్టెలో కూర్చోబెట్టి, తల మాత్రం పైకి ఉంచి, లోపల ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగించేవారు. ఎర్రటి వెలుగు, ఎముకల్లోకి దిగే వెచ్చదనం. నొప్పి సగానికి సగం తగ్గింది.

అది దీపాల వల్లే తగ్గిందా అని మాత్రం ఆయనకు లోలోపల అనుమానం. అక్కడ పెట్టె పక్కన ఒక నడివయసు పనివాడు స్టూలేసుకుని కూర్చుని, రెండు నిమిషాలకోసారి "ఎట్లున్నది సార్? తల తిరుగుతలేదు గద? నీళ్లు తాగుతరా?" అని అడిగేవాడు. సులోచన పోయాక నాగేశాన్ని రోజుకు అన్నిసార్లు ఎట్లున్నదని అడిగిన మనిషి లేడు. పదో రోజు ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు చెబితే, నొప్పి తగ్గినందుకు సంతోషించాల్సింది పోయి ఆయనకు దుఃఖం వచ్చింది.

తిరిగి రాగానే వడ్రంగి వడ్ల దుబ్బయ్యను పిలిపించి అచ్చం అలాంటి పెట్టే చేయించాడు. దీపాలు నాలుగు హైదరాబాదు నుంచే తెచ్చుకున్నాడు. దుబ్బయ్య పని బాగానే చేశాడు గానీ, తలుపుకు బయట ఒక ఇనుప గొళ్లెం బిగించాడు.

"బయట గొళ్లెం వద్దన్న గద దుబ్బయ్యా. కాయితంల రాసి ఉన్నది."

"గొళ్లెం లేకుంటె అది తలుపెట్లయితది సేటూ? ఇన్నేండ్లల్ల నా చేతి మీంచి గొళ్లెం లేని తలుపు పోలే. రేపు ఎవలన్న చూస్తె నన్ను నవ్వరా?"

కాగితం అంటే వైద్యశాలవాళ్లు అచ్చువేసి ఇచ్చిన సూచనల కాగితం. నాగేశం తూకంలో గ్రాము తేడా రానివ్వని వ్యాపారి. అచ్చయిన మాటంటే ఆయనకు వేదం. కడుపునిండా తిని కూర్చోరాదు. ముందొక గ్లాసు, తర్వాతొక గ్లాసు నీళ్లు తాగవలెను. ఉంగరము, గడియారము తీసివేయవలెను. దీపము ఒంటికి మూరెడు దూరమున ఉండవలెను. పదిహేను నిమిషములు మించరాదు. తలుపునకు బయట గడియ ఉండరాదు. ఇవన్నీ ఆరు. గొళ్లెం సంగతి తర్వాత చూద్దామని సర్దుకున్నాడు. ఏడోది ఇలా ఉంది: ఒంటరిగా ఉన్నప్పుడు వాడరాదు, పక్కన ఒక మనిషి తప్పక ఉండవలెను.

తువ్వాలు చుట్టుకుని, ఉంగరం తీసి దేవుడి గూట్లో పెట్టి, నీళ్లు తాగి, స్విచ్చు మీద చెయ్యి వేశాక నాగేశానికి తట్టింది, ఆ ఒక్క మనిషి తన ఇంట్లో లేడని. నేనైతే కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లి కూర్చునేవాణ్ణి. ఆయన అలా చేసే రకం కాదు.

వాకిట్లో పోచవ్వ బోళ్లు తోముతోంది. ఇలా వచ్చి అలా పోయే మనిషి.

"పోచవ్వా, ఒక్క పదిహేను నిమిషాలు గీ స్టూలు మీద కూసుంటవా? పనేం లేదు. ఊకె కూసునుడే."

పోచవ్వ చేతిలో గిన్నె ఆగింది. "ఎందుకు సేటూ?"

"నేను పెట్టెల కూసుంట. నువ్వు మధ్యమధ్యల ఎట్లున్నదని అడగాలె."

"అడుగుతె ఏమైతది?"

"ఏం గాదు. నేను మంచిగున్నదంట."

పోచవ్వ ఆయన తువ్వాలు వంకా పెట్టె వంకా చూసి కొంగు నడుముకు బిగించింది. "మంచిగుంటె మంచిగనే ఉండు సేటూ. నాకింక ఆరిండ్లున్నయ్. ఆ ఇండ్లల్ల బోళ్లు నీ పెట్టె తోముతదా?"

నాగేశం అంగీ వేసుకుని ఎదురింటికి వెళ్లాడు. ఆ ఇంటి రాజలింగం బట్టల వ్యాపారి, ఆ వీధి వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు, నాగేశం కంటే నాలుగేళ్లు చిన్న. విషయం విని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "పదిహేను నిమిషాలేందన్నా, నీకోసం గంట కూసుంట. కానీ ఇయ్యాల గాదు. ఎల్లుండి." ఎల్లుండి వెళ్లి అడిగితే మళ్లీ ఎల్లుండి అన్నాడు. రాజలింగం అబద్ధాలాడే మనిషి కాదు. ఆయన ఎల్లుండి మాత్రం ఎప్పుడూ ఎల్లుండి దగ్గరే ఉంటుంది.

ఇక మిగిలింది గోడకు గోడ ఆనుకున్న ఇంట్లోని ప్రమీలమ్మ. అరవై దాటిన పెద్దామె. ఎవరింట్లో ఏ పప్పు ఉడుకుతోందో తన వాకిట్లోంచే చెప్పగలదు. "నువ్వు తువ్వాలు గట్టుకోని పెట్టెల కూసుంటె నేను పక్కపొంట స్టూలేస్కోని కూసునుడా తమ్మీ? సులోచన ఉంటె ఎంత నవ్వుతుండెనో!" అంది.

సులోచన ఉంటే ఈ అగత్యమే లేదు. ఆయన స్నానానికి వెళ్తే చాలు, తలుపు అవతల నిలబడి "నీళ్లు సరిపోయినయా? వీపు రుద్దాల్నా?" అని నాలుగుసార్లు అడిగేది. "జెర ఊకుంటవా" అని ఈయన కసురుకునేవాడు. కసురుకోవడానికైనా ఒక మనిషి ఉండాలన్న సంగతి ఆయనకు ఈ రెండేళ్లలో బాగా తెలిసొచ్చింది.

నాలుగు రోజులు ఇలాగే గడిచాయి. ఇష్టపడి చేయించుకున్న పెట్టె వాడకపోతే పాడైపోతుందని, నాగేశం రోజూ ఆరున్నరకు దీపాలు వెలిగించి, తలుపు మూసి, తాను బయట స్టూలు మీద కూర్చుని పావుగంట కాపలా కాశాడు. పక్కన మనిషి ఉన్నాడు, లోపల మనిషి లేడు. సూచన సగం పాటించినట్టే. నాలుగో రోజు ఏదో ఆలోచిస్తూ "ఎట్లున్నది?" అని పైకే అడిగేశాడు. అడిగాక ఆయనకు తన మీద తనకే జాలేసింది.

అయిదో రోజు ఓల్టేజీ ఎగిరిపడి రెండు దీపాలు మాడిపోయాయి. ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగితే, "గీ ఎర్ర బల్బులు సిద్దిపేటల దొరకయ్ సేటూ. కుకునూరుపల్లిల భూపతికి కోళ్ల ఫారమున్నది. పిల్లలకు వెచ్చగ ఉండుటానికి గివే కడ్తడు. ఫోన్ జేస్త, రేపొచ్చి మీ ఇంట్లనే ఇచ్చిపోతడు" అన్నాడు దుకాణదారు. శాకాహారి అయిన నాగేశానికి ఒక్క క్షణం అదోలా అనిపించింది. తర్వాత, దీపానికి మాంసాహారమేమిటి శాకాహారమేమిటి అని సమాధానపడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం నాగేశం క్షవరానికి వెళ్లిన సమయంలో స్కూటరు మీద భూపతి వచ్చాడు. ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటి గడప మీద ప్రమీలమ్మ కూర్చుని ఉంది.

"నాగేశం సేటిల్లు గిదేనా అమ్మా?"

"గిదే. ఆయన లేడు. ఏందది?"

"దీపాలు. కుకునూరుపల్లి కోళ్ల ఫారంకెల్లి తెచ్చిన. ఆయన రాంగనే ఇయ్యున్రి. ఎట్ల చేసుకోవాల్నో లోపల చిట్టి రాసి పెట్టిన. కొత్తగ పెడ్తున్నట్టున్నడు, తెల్వది గద."

దీపాలు అడిగినవాడు కోళ్లకు కాక ఇంకెందుకు అడుగుతాడని భూపతి ఉద్దేశం. అట్టపెట్టె మీద పసుపుపచ్చ కోడిపిల్ల బొమ్మ ఉంది. ప్రమీలమ్మ ఇతరుల కాగితాలు చదివే మనిషి కాదు. కానీ పెట్టె మూత సరిగ్గా మూసి లేకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది? చిట్టీలో ఇలా ఉంది: "దీపం అడుగున్నర ఎత్తుల కట్టాలె. పిల్లలు దీపం కింద గుంపుగూడితె చలి పెడ్తున్నట్టు. దూరం జరిగితె వేడి ఎక్కువైనట్టు. నీళ్లు ఎప్పుడూ ఉండాలె. మొదటి వారం ఒంటరిగ వదలొద్దు."

ఆ వీధిలో అందరూ శాకాహారులు. కార్తీకమాసంలో ఉల్లిగడ్డను కూడా గడప తొక్కనివ్వరు. ప్రమీలమ్మ అట్టపెట్టెను నాగేశం గడప మీద పెట్టి, చిట్టీని మాత్రం సాక్ష్యం కింద కొంగున ముడేసుకుంది. ఒంటిగంటకు నాగేశం ఇంట్లో ఇరవై కోడిపిల్లలున్నాయి. నాలుగింటికి రెండు వందలయ్యాయి. దీపాలు పెట్టే వేళకు అయిదు వందల పిల్లలు, పది పుంజులు. ప్రమీలమ్మకు వారం నుంచీ గోడ అవతల కియ్యో కియ్యోమని వినబడుతూనే ఉందట, ఆమె పిచ్చుకలనుకుందట.

"తెల్లారగట్ల కిటికీల ఎర్రగ వెలుగుతుంటె నేను దేవుని దీపమనుకున్న!"

"దుబ్బయ్యతోని పెట్టె చేపించిండు. అంత పెద్ద పెట్టె మనిషికెందుకు?"

"నన్ను పక్కన కూసొమ్మన్నడు పదిహేను నిమిషాలు!" అన్నాడు రాజలింగం. "కోళ్లకు కావలి! సంఘం అధ్యక్షున్ని!"

నాగేశానికి ఇవేవీ తెలియవు. దీపాలు బిగించుకుని, మనిషి కోసం చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది. ఆ ఇంట్లో గేటు చప్పుడైతే పాలవాడో పోచవ్వో కావాలి. పాలవాడు వచ్చిపోయాడు, పోచవ్వ కొమురెల్లి మల్లన్న దగ్గరికి పోయింది. తీరా చూస్తే రాజలింగం! వెనకే ప్రమీలమ్మ, ఆ వెనక మరో ముగ్గురు. నాగేశం కంగారుగా కుర్చీలు తుడిచాడు. సులోచన దాచుకున్న పూల కప్పులు దించి టీ పెట్టాడు. వచ్చినవాళ్లు టీ తాగకుండా ముక్కులెగరేసి గాలి పీలుస్తున్నారు. మంచం కిందకు వంగి చూస్తున్నారు. ఆయన అదేమీ పట్టించుకోలేదు. ఇంట్లో మనుషులున్నారు, అంతే చాలు.

"ఎన్ని పెట్టినవన్నా?" అన్నాడు రాజలింగం.

"నాలుగు. మొన్న రెండు మాడిపోయినయ్. మల్ల కొత్తయి తెప్పించిన."

రాజలింగం టీ కప్పును దూరంగా జరిపాడు. "మాడిపోయినయా?"

"ఓల్టేజీ ఎక్కువైతె మాడయా మరి?"

"యాడ పెట్టినవ్?"

"సులోచన గదిల."

"ఎంత మడి కట్టిన మనిషి! ఆమె గదిలనా!" ప్రమీలమ్మ చెవులు మూసుకుంది.

"గా గదైతె గాలి రాదక్కా. చూస్తరా?"

చూడటానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చూస్తే ఇంటికెళ్లి తలస్నానం చేయాలి. ఒక్కరుగా చూసేకంటే సంఘం తరఫున చూడటం మేలని రాజలింగం కళ్లతోనే తీర్మానం చేశాడు. "రేపు పొద్దుగాల ఆరున్నరకొస్తం అన్నా. అందరం వస్తం."

"అందరా?" అన్నాడు నాగేశం. ఒక్క మనిషిని అడిగితే వీధే తరలి వస్తానంటోంది. తన గురించి వీళ్లకు ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్లూ తెలుసుకోనందుకు ఆయన సిగ్గుపడ్డాడు.

సోమవారం ఆరుకల్లా ఆయన ఉప్మాకు రవ్వ వేయించి పెట్టాడు, పదిమందికి సరిపడా. నీళ్లు తాగాడు, ఉంగరం తీశాడు. ఆరూ ఇరవై అయిదుకు కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర పదకొండు మంది. ఏడో సూచన పదకొండింతలు నెరవేరింది. వీధి తలుపు బార్లా తెరిచి, దీపాలు వెలిగించి, ఆయన సంబరంగా పెట్టెలో కూర్చుని దాని తలుపు దగ్గరికి లాక్కున్నాడు.

జనం సులోచన గదిలోకి దూసుకొచ్చారు. "పెట్టె తలుపు గట్టిగ వెయ్యున్రి, పిల్లలు బయటికి ఉరుకుతయ్!" అని ప్రమీలమ్మ కేకేసింది. రాజలింగం మోకాలితో ఒక్క తోపు తోశాడు. దుబ్బయ్య గొళ్లెం టక్కున పడింది. అప్పుడు అందరూ పెట్టె పైకి చూశారు.

"రా రా రాజలింగం! కూసోన్రి, కూసోన్రి!" అంది నాగేశం తల.

కింద నుంచి ఎర్రటి వెలుగు, నుదుటి నిండా చెమట, మొహం నిండా నవ్వు. ఒకరిద్దరు వెనక్కి జరిగి గుమ్మం పట్టుకున్నారు.

"అన్నా, కోళ్లేవి?"

"ఏం కోళ్లు?"

"దాయకు. పెట్టెల ఎన్నున్నయ్?"

"పెట్టెల నేనున్న."

"నీ కింద?"

"నా కింద పీటున్నది. ఏందిరా నీ కథ? ముందుగాల ఎట్లున్నదని అడుగు."

"ఎట్లున్నది?" అన్నాడు రాజలింగం, పెద్దవాడు అడగమన్నాడు కదా అని.

"మంచిగున్నది," అన్నాడు నాగేశం. ఎన్నాళ్లుగానో నోట్లో పెట్టుకుని తిరుగుతున్న మాట అది.

ఆ తర్వాత వాళ్లు ఇల్లంతా గాలించారు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు, అటక ఎక్కారు, బావిలో బొక్కెన వేసి చూశారు. ప్రమీలమ్మ కొంగు ముడి విప్పి చిట్టీని గట్టిగా చదివింది. అది విన్నాక నాగేశానికి అంతా అర్థమైంది. నిన్న టీ తాగకపోవడం, మంచం కింద వంగి చూడటం, అందరం వస్తామనడం. వాళ్లు తనకోసం రాలేదు. నడుం నొప్పి ఎలా ఉందని వీళ్లలో ఒక్కరూ అడగలేదు. పెట్టెలో అంత వేడిలో కూర్చున్నా ఆయనకు లోపలంతా చల్లబడిపోయింది. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుందామంటే చేతులు పెట్టెలో ఉన్నాయి.

"పదిహేను నిమిషాలైంది. తలుపు తియ్యున్రి," అన్నాడు.

రాజలింగం గొళ్లెం పట్టుకుని లాగాడు. రాలేదు. కొత్త ఇనుము, కొత్త చెక్క, పైగా దుబ్బయ్య పనితనం. పదకొండు మంది పదకొండు సలహాలిచ్చారు. ఒకరు దుబ్బయ్య కోసం పరుగెత్తారు. ఒకరు రోకలి తెచ్చారు. ఇంకొకరు తల పట్టుకుని పైకి లాగితే వస్తాడేమోనని లాగి చూశారు.

"పదిహేడైంది!" అన్నాడు నాగేశం. "కాయితంల మించరాదని ఉన్నది!"

"ఓపిక పట్టన్నా, సంఘం ఉన్నది గద!"

బోళ్లు తోమడానికి వచ్చిన పోచవ్వ గుమ్మంలో నిలబడి ఈ తమాషా చూసింది. "మీ బాంచెన్, ముందుగాల స్విచ్చు బందు చెయ్యరా ఎవలన్న?" అంటూ లోపలికొచ్చి టక్కున ఆపింది. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి గొళ్లెం కింద దూర్చి, ఒక్క ఎత్తు ఎత్తింది. తలుపు తెరుచుకుంది. తువ్వాలుతో, చెమటలు కక్కుకుంటూ నాగేశం బయటపడ్డాడు.

"తల తిరుగుతుందా సేటూ? కూసో. నీళ్లు తాగు," అంది పోచవ్వ. ఆ పొద్దున ఆయన్ని ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. నీళ్లు ఇచ్చి, తర్వాతి ఇంటికి వేళయిందని వెళ్లిపోయింది.

పెట్టెలో కోళ్లు లేవు. ఈక కూడా లేదు. రాజలింగం చేతులు నలుపుకుంటూ "తప్పయిందన్నా" అనబోయాడు. సరిగ్గా అప్పుడే గేటు ముందు స్కూటరు ఆగింది. ముప్ఫై కోడిగుడ్ల అట్ట రెండు చేతులా పట్టుకుని భూపతి లోపలికొచ్చాడు.

"సేటూ, కొత్తగ మొదలువెట్టిన్రు గద, మా ఫారం దిక్కుకెల్లి గిది తీసుకోన్రి!"

ఆ తర్వాత పావుగంట ఎవరేమన్నారో ఎవరికీ వినబడలేదు. అందరి అరుపులూ అయ్యాక భూపతి మెల్లిగా అడిగాడు. "అంటె సేటు కోళ్లు పెడ్తలేడా? మరి ఆ దీపాలు ఎవలికి?"

"నాకు," అన్నాడు నాగేశం.

భూపతి ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "గిట్లయితె మీకు ఇంక రెండు దీపాలు వడ్తయ్ సేటూ."

అలా విషయం తేలిపోయింది. గుడ్లు ఇంట్లో ఉంటే మళ్లీ మాట పుడుతుందని, వాటిని సంఘం స్వాధీనం చేసుకుంటున్నట్టు రాజలింగం ప్రకటించాడు. తువ్వాలు కప్పి తానే మోసుకెళ్లాడు. అవి సంఘం భవనానికి చేరలేదని తర్వాత తెలిసింది. ఎక్కడికి చేరాయని ఎవరూ అడగలేదు. అడగాల్సిన వాళ్లలో సగం మందికి తెలుసు.

నాగేశం నిర్దోషి. వీధంతా ఒప్పుకుంది. ఒప్పుకున్నాక నిర్దోషి ఇంటికి ఎవరొస్తారు? మంగళవారం గేటు చప్పుడు కాలేదు. బుధవారమూ లేదు. పదిమందికి చేసిన ఉప్మా రెండు రోజులు ఆయనొక్కడే తిన్నాడు. దుబ్బయ్యను పిలిచి గొళ్లెం ఊడదీయించాడు. దుబ్బయ్య ఊడదీస్తూ కంట తడి పెట్టుకున్నాడు. ఆరు సూచనలూ ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి. ఏడోదానికి మాత్రం దిక్కులేదు.

గురువారం నడుం పట్టేసింది. వంగలేక, గోడ పట్టుకుని నడుస్తూ ఎదురింటికి వెళ్లాడు.

"రాజలింగం, ఒక్క పదిహేను నిమిషాలు."

"తప్పకుండన్నా," అన్నాడు రాజలింగం, ఈసారి నిజంగానే నొచ్చుకుంటూ. "ఎల్లుండి."

నాగేశం ఇంటికొచ్చి స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు. ఎవరూ లేరు కనుక గట్టిగానే ఏడ్చాడు. ఏడ్చి మొహం కడుక్కున్నాక లెక్క తేల్చుకున్నాడు. తాను మంచివాడుగా ఉన్న రెండేళ్లలో ఈ ఇంటికి వచ్చిన మనుషులు సున్న. చెడ్డవాడైన రెండు రోజుల్లో పదహారు.

శుక్రవారం పొద్దున్నే కుకునూరుపల్లి బస్సెక్కాడు.

"పిల్లలు కావాలె. పన్నెండు," అన్నాడు భూపతితో.

"కోసుకుంటరా సేటూ?"

"ఛీ ఛీ! ఏం మాటలవి?"

"గుడ్లకా?"

"గుడ్లు గూడ వద్దు."

"మరెందుకు సేటూ?"

"పన్నెండుంటె మస్తుమంది వస్తరు," అన్నాడు నాగేశం. భూపతికి అర్థం కాలేదు. అయినా చిల్లుల అట్టపెట్టెలో పన్నెండు పిల్లల్ని లెక్కపెట్టి ఇచ్చి, మళ్లీ చిట్టీ రాసిచ్చాడు.

బస్టాండు నుంచి ఇంటికి వెనక గల్లీలోంచి అయిదు నిమిషాల నడక. నాగేశం బజారు మీదుగా నడిచాడు. నడుం మీద ఒక చెయ్యి, చంకలో కియ్యోమంటున్న పెట్టె. రాజలింగం బట్టల దుకాణం ముందు, గిరాకీ నిండుగా ఉన్న సమయంలో, ఆగి లోపలికి తొంగి చూశాడు.

"రాజలింగం, టైమెంతైంది?"

రాజలింగం చేతిలోని గజం బద్ద కింద పడింది.

నాగేశం ఇల్లు చేరి, రెండు దీపాలు విప్పి గంప మీద అడుగున్నర ఎత్తులో కట్టి, తనకు రెండు ఉంచుకుని, పిల్లలకు నీళ్లు పెట్టేలోపలే గేటు చప్పుడైంది. ఈసారి పదకొండు మంది కాదు, పంతొమ్మిది మంది. సంఘం భవనం పెళ్లికి కిరాయికిచ్చి ఉంది. ముద్దాయీ సాక్ష్యమూ రెండూ ఇక్కడే ఉన్నాయి కనుక అత్యవసర సమావేశం ఇక్కడే జరపాలని రాజలింగం ఆవేశంగా ప్రకటించాడు. చాపలు పరిచారు. నాగేశం గ్లాసెడు నీళ్లు తాగి, ఉంగరం తీసి, అందరి ఎదుటా వెళ్లి పెట్టెలో కూర్చున్నాడు.

"సిగ్గులేదా అన్నా నీకు? వీధి వీధంత తలకాయ దించుకున్నది!"

"నిజమే," అంది తల.

"బయట మొహమెట్ల చూపెట్టాలె మేము?"

"కష్టమే."

"ఇగ నిన్ను ఈ వీధిల ఒక్కడు పలకరించొద్దు! ఒక్కడంటె ఒక్కడు..." రాజలింగం ఆగి, గడియారం చూసుకున్నాడు. "పదిహేనైంది. బయటికి రా. మిగిలింది బయట తిడ్త. తల తిరుగుతుందా?"

"లేదు."

"నడుమెట్లున్నది?"

నాగేశం తలుపు తోసుకుని బయటికొచ్చాడు. చెమటతో పాటు కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకునేంత తీరికా లేదు, ఎందుకంటే ప్రమీలమ్మ గంప పక్కన కూలబడి, చేతిలో చిట్టీ పట్టుకుని కేకలేస్తోంది. "గా మూలకున్నది దీపం కిందికొస్తలేదు, జెర ఇటు జరుపున్రి! దానికి వేడెక్కువైతున్నట్టున్నది! మొదటి వారం ఒంటరిగ వదలొద్దని రాసిండు, రేపు పొద్దుగాల ఎవలొస్తరు?"

నాగేశంతో వీధిలో ఎవ్వరూ మాట్లాడరాదన్న ఆ తీర్మానాన్ని సంఘం ఉగాది దాకా రోజూ పొద్దున ఆరున్నరకు ఆయన ఇంట్లోనే కూర్చుని, ఆయనతోనే చర్చించింది.